ఇంటింటి సర్వే ప్రశ్నావళి: భూమి, ఖర్చు ఎలా అడగాలి?

పాలమూరు_పరిశోధన: మహబూబ్‌నగర్, గుంటూరు జిల్లాల్లో రైతు కుటుంబాల సర్వే. భూమికి 'ఎన్ని ఎకరాలు?' అని ఒక గడి, ఖర్చుకు 'నెలకు ఇంటి ఖర్చు ఎంత?' అని ఒక ప్రశ్న పెట్టాను. సరిపోతాయా అండీ?

గట్టు_మీద: భూమి గడితోనే లెక్క తప్పుతుంది. మీ వైపు ఎకరానికి 40 గుంటలు, గుంటూరులో 100 సెంట్లు. పాలమూరు రైతు పాస్‌బుక్ చూసి 2.20 అని చెప్తే అది 2 ఎకరాల 20 గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. గుంటూరులో అదే 2.20 అంటే 2 ఎకరాల 20 సెంట్లు. కంప్యూటర్ రెండింటినీ ఒకటే అనుకుంటుంది. ఎకరాలకు ఒక గడి, గుంటలకు లేదా సెంట్లకు ఇంకో గడి పెట్టండి. గుంటల గడి 39 దాటితే ఫారం ఒప్పుకోకూడదు. సొంతం, కౌలు విడివిడిగా అడగండి. దిగుబడి బస్తాల్లో చెప్తే బస్తా ఎన్ని కిలోలో పక్కనే రాయించండి.

లెక్కల_పుస్తకం: ఖర్చుకు ఒక్క ప్రశ్న పెడితే 'పదివేలు అయితది' అన్న ఉజ్జాయింపే వస్తుంది. కూరగాయలు, నూనె, గుడ్లు, మాంసం గత 7 రోజులకు. బియ్యం, పప్పులు, కరెంటు 30 రోజులకు. బట్టలు, చెప్పులు, బడి ఫీజులు, ఆస్పత్రిలో చేరిన ఖర్చు 365 రోజులకు అడగండి. ఒకే సరుకుకు 7 రోజులు, 30 రోజులు పక్కపక్కనే మాత్రం అడగొద్దు. 1999-2000 జాతీయ నమూనా సర్వేలో ఆహారానికి అలాగే అడిగారు. ఒక జవాబు రెండోదాన్ని లాగేస్తుంది కాబట్టి, ఆ ఏటి పేదరికం లెక్కలను పాతవాటితో పోల్చడం మీద పెద్ద వివాదమే నడిచింది. ఇంట్లో పండిన బియ్యానికి, రేషన్ బియ్యానికి వేరే గడులు ఉండాలి. లేకపోతే వరి రైతు ఇంట్లో బియ్యం ఖర్చు సున్నా అని పడుతుంది.

పాలమూరు_పరిశోధన: చాలా ఉపయోగపడింది. 'పంట రుణం సకాలంలో, సరిపడా అందిందా?' అన్నదానికి ఐదు మెట్ల స్కేలు ఇచ్చాను.

ఊరి_గుమ్మం: అందులో రెండు ప్రశ్నలున్నాయి, విడగొట్టండి. సమయానికి వచ్చి సగమే అందినవాళ్లు ఏ మెట్టు చెప్పాలి? పైగా స్కేలు నోటితో చదివితే ఎక్కువమంది 'ఫర్వాలేదు' అంటారు. అది బాగుందనీ కావచ్చు, సర్దుకున్నామనీ కావచ్చు. ముందు 'సరిపోయిందా, సరిపోలేదా?' అని అడిగి, లేదంటే 'కొంచెం తగ్గిందా, బాగా తగ్గిందా?' అనండి. 'కుటుంబం' అంటే ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్లని మొదటి పేజీలోనే రాయండి.

లెక్కల_పుస్తకం: ఇంకొకటి. 'తెలియదు'కు 99 కోడ్ పెట్టకండి, రూపాయల గడిలో అది నిజంగా 99 రూపాయలై సగటులో కలిసిపోతుంది. -99 పెట్టండి, 'చెప్పనన్నారు'కు -88.