మూడిల్‌లో కాలేజీ లోగో రంగు పెట్టాక లింకులు చదవలేకపోతున్నారు, ఏం చెయ్యాలి?

కోనసీమ_కామర్స్:
అందరికీ నమస్తే అండి. మాది కోనసీమ వైపు డిగ్రీ కాలేజీ, పాఠాలూ అసైన్‌మెంట్లూ ఆన్‌లైన్‌లో పెట్టడానికి మూడిల్ 4.1 వాడుతున్నాం, సైట్ రూపాన్ని నిర్ణయించే థీమ్ దాంతోపాటు వచ్చిన బూస్టే. ఇన్నాళ్లూ దాని నీలం రంగే ఉండేది, మొన్న మేనేజ్‌మెంట్ వాళ్లు సైట్ తెరిస్తే మన కాలేజీది అని తెలియాలి కదా లోగో రంగు పెట్టండి అన్నారు. మా లోగో నారింజ, ఆర్‌జీబీలో 255, 152, 0. సైట్ అడ్మినిస్ట్రేషన్‌లో అప్పియరెన్స్, అక్కణ్ణించి థీమ్స్, బూస్ట్ సెట్టింగ్స్‌కి వెళ్లి బ్రాండ్ కలర్ మార్చేశాను, అయిదు నిమిషాల్లో అయిపోయింది, లాబ్‌లో కంప్యూటర్ మీద చూస్తే కళగానే ఉంది.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే మా పిల్లల్లో చాలామంది ఫోన్లోనే చూస్తారు, అదీ బస్సులోనో బస్టాండులోనో, వెలుతుర్లో తెల్ల పేజీ మీద ఆ నారింజ లింకులు ఆనడం లేదు. తెలుగు మీడియం వాళ్లకి యూనిట్ల పేర్లు తెలుగులో పెడతాను, ఒత్తులూ గుణింతాలూ అన్నీ కలిసిపోయి గీతల్లా కనపడుతున్నాయట. ఒకమ్మాయి అసైన్‌మెంట్ లింకు అక్కడుందనే గమనించలేదు, గడువు దాటాక వచ్చి అడిగింది, తప్పు తనది కాదు కదా. మళ్లీ నీలానికి వెళ్తే మేనేజ్‌మెంట్ ఒప్పుకోదు. మధ్యేమార్గం ఏమన్నా ఉంటే చెప్పండి.

థీమ్_పనివాడు:
మాస్టారూ, ఇది మీ పిల్లల కళ్ల సమస్య కాదు, లెక్క తీస్తే అర్థమైపోతుంది. అక్షరం రంగుకీ వెనక రంగుకీ మధ్య కాంట్రాస్ట్ ఎంతుందో ఒక నిష్పత్తిగా కొలుస్తారు, వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండాలని పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాల ప్రకారం మామూలు సైజు అక్షరాలకి కనీసం 4.5 ఉండాలి, పెద్ద అక్షరాలకి 3 చాలు. తెలుపు మీద మీ నారింజకి వచ్చేది దాదాపు 2.2, అంటే సగం కూడా లేదు. మూడిల్ పాత నీలానికి 5.3 పైనే వస్తుంది, అందుకే ఇన్నాళ్లూ ఎవరూ మాట్లాడలేదు.

బ్రాండ్ కలర్ అంటే ఒక్క పైన పట్టీ రంగే అనుకుంటారు చాలామంది, కానీ అది లింకులకీ బటన్లకీ అన్నిటికీ పాకుతుంది, కాబట్టి అక్కడ పెట్టాల్సింది లోగో రంగు కాదు, చదవడానికి పనికొచ్చే రంగు. నారింజనే వదలక్కర్లేదు, దాన్నే బాగా ముదురు చెయ్యండి. 994400 అనే రంగు కోడ్ వేసి చూడండి, తెలుపు మీద 6.6 వస్తుంది, చూడ్డానికి బెల్లం పాకం రంగులా ఉంటుంది, పక్కన నారింజ లోగో ఉంటే రెండూ ఒక ఇంటివే అనిపిస్తాయి. అసలు నారింజని అక్షరం లేని చోట వాడుకోండి, లోగోలో ఎలాగూ ఉంటుంది, పైనుండే తెల్ల పట్టీ, అదే నావ్‌బార్, దాని కింద దళసరి గీతలా వేస్తే మేనేజ్‌మెంట్‌కి అదే ముందు కనపడుతుంది. ఇంకే రంగన్నా ప్రయత్నించాలంటే క్రోమ్‌లో ఇన్‌స్పెక్ట్ కొట్టి అక్షరం రంగు డబ్బా మీద నొక్కితే కాంట్రాస్ట్ ఎంతో అక్కడే చూపిస్తుంది.

సర్వర్_గది:
పైన చెప్పింది కరెక్ట్, నేను రెండు ముక్కలు కలుపుతా. ఆ గీత, ఇంకా చిన్నచిన్న మార్పులు ఏమున్నా బూస్ట్ సెట్టింగ్స్‌లోనే అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో రూపం మార్చే కోడ్ రాసుకోడానికి రా ఎస్‌సీఎస్‌ఎస్ అని డబ్బా ఉంటుంది, అందులో రాయండి, దయచేసి బూస్ట్ ఫోల్డర్‌లో ఫైళ్లు మాత్రం ముట్టుకోకండి, మేం ఒకసారి అలాగే చేశాం, అప్‌గ్రేడ్ అయ్యేసరికి మూడు వారాల పని తుడిచిపెట్టుకుపోయింది. మార్పులు ఎక్కువైతే బూస్ట్‌ని పేరెంట్‌గా పెట్టి చైల్డ్ థీమ్, అంటే బూస్ట్ మీదే నిలబడే మన సొంత థీమ్, చేసుకోవాలి. కోర్సు థీమ్స్‌కి పర్మిషన్ ఆన్ చేసుకుంటే ఆ చైల్డ్ థీమ్‌ని ఒక్క టెస్ట్ కోర్సుకే పెట్టి చూడొచ్చు, పిల్లలెవరికీ తెలియదు. మార్చాక పాత రంగే కనిపిస్తుంటే మూడిల్ దాచుకున్న పాత కాపీలు పోయేలా పర్జ్ ఆల్ కాషెస్ కొట్టండి.

ఇంకోటి, మీ పిల్లలు బ్రౌజర్‌లో చూస్తున్నారా మూడిల్ యాప్‌లోనా కనుక్కోండి. వెబ్ థీమ్ రంగులు యాప్‌కి పోవు, దానికి రంగులు చెప్పే కోడ్, అంటే సీఎస్‌ఎస్, విడిగా మొబైల్ అప్పియరెన్స్‌లో ఇవ్వాలి.

బీకాం_మూడో_ఏడు:
సార్ నేను స్టూడెంట్‌ని, వేరే కాలేజీ. నాకు ఎరుపూ ఆకుపచ్చా తేడా సరిగ్గా తెలియదు, చిన్నప్పటినుంచీ అంతే. మా సైట్‌లో లింకులకి కింద గీత లేదు, పేరాలో ఎక్కడ నొక్కాలో వేలితో వెతుక్కుంటాను. మీరెలాగూ మారుస్తున్నారు కాబట్టి కోర్సు పేజీల్లో లింకులకి అండర్‌లైన్ పెట్టించండి సార్. క్విజ్‌లో తప్పొప్పులకి టిక్కూ ఇంటూ గుర్తులు ఉంటాయి, వాటివల్లే నాకు మార్కులు అర్థమవుతాయి, అందం కోసం అవి మాత్రం తీసెయ్యకండి. మా దగ్గర ఒకాయన నోటీసుల్లో "ఎర్రగా ఉన్నవి ముఖ్యం" అని రాస్తారు, ఏవి ఎర్రవో నేను పక్కవాణ్ణి అడగాల్సి వస్తుంది.

కోనసీమ_కామర్స్:
అందరికీ చాలా చాలా థాంక్స్. 994400 పెట్టాను, నావ్‌బార్ కింద నారింజ గీత, లింకులకి అండర్‌లైన్ కూడా. ప్రిన్సిపాల్ గారికి నంబర్లు చెప్పకుండా రెండు ఫోన్లు, ఒకదాంట్లో పాత నారింజ స్క్రీన్‌షాట్, ఇంకోదాంట్లో కొత్తది పెట్టి మిట్టమధ్యాహ్నం వరండా బయటికి తీసుకెళ్లి యూనిట్ పేర్లు చదవమన్నాను. మొదటిది కళ్లు చికిలించి రెండు లైన్లు చదివి ఆపేశారు, రెండోది గబగబా చదివేసి "ఇదే ఉంచండి" అన్నారు. ఆ అమ్మాయికి అసైన్‌మెంట్ గడువు మళ్లీ తెరిచాను, నిన్న సబ్మిట్ చేసింది.

బీకాం తమ్ముడూ, నా పాత నోటీసులు తీసి చూస్తే నేనూ అయిదారు చోట్ల "ఎర్ర రంగులో ఉన్నవి చూడండి" అని రాశాను. అవన్నీ ఇవాళ కూర్చుని మారుస్తున్నాను, రంగు బదులు "ముఖ్యం" అని మాటే పెడుతున్నాను. మా వాళ్లు వాడేది బ్రౌజరే, యాప్ కాదు, అది కూడా అడిగి తెలుసుకున్నాను.