పాత అవుట్‌బోర్డ్: డ్రమ్ములో బాగుంది, ఏట్లో గేరు వేస్తే ఆగిపోతోంది

కాకినాడ కుర్రాడు:
అందరికీ నమస్కారం. మా ఫైబర్ తెప్పకి వెనక తగిలించే పాత 15 హెచ్‌పీ టూ స్ట్రోక్ ఇంజన్ (అవుట్‌బోర్డ్) ఉంది. రెండు సిలిండర్లు, ఒకటే కార్బొరేటర్, పెట్రోలు బండి. వేట నిషేధంలో ఎలాగూ ఖాళీ కదా అని రింగులు మార్పించాం, కార్బొరేటర్‌కి కొత్త కిట్, వాటర్ పంపులో కొత్త ఇంపెల్లర్ వేయించాం. షెడ్డులో డ్రమ్ములో పెట్టి చూపించినప్పుడు వంక పెట్టడానికి లేదు. ఉప్పుటేట్లో దించితే మాత్రం గేరు వేయగానే ఆగిపోతోంది. రేస్ పెంచి వేస్తే కదులుతుంది గానీ, రేస్ పెంచే పిడి ఒక్కసారిగా తిప్పితే కార్బొరేటర్‌లోంచి టప్‌టప్‌మని తుమ్ముతోంది. ఫుల్ మీద బానే పోతోంది. జూన్ 15 నుంచి వేటకి వెళ్లాలి. ఏరు సముద్రంలో కలిసే మొగ దాటేటప్పుడు ఆగితే ఎలా అని నాన్నకి ఒకటే టెన్షన్. పిడి వదిలేసినప్పటి స్పీడు సరిచేసే ఐడిల్ స్క్రూ బాగా పెంచేస్తే సరిపోతుందా?

భీమిలి:
మేం అలాగే పెంచుకుని నడుపుతున్నాం అన్నా. ఏమీ కాలేదు.

మచిలీపట్నం, పాత మెకానిక్:
ఇవాళ ఏమీ కాదు బాబూ. అంత స్పీడు మీద గేరు వేస్తుంటే కింద గేరు కేసులో గేరుని పట్టి ఉంచే పళ్ల ముక్క, అదే క్లచ్ డాగ్, దాని మూలలు అరిగి గుండ్రమవుతాయి. ఆ తర్వాత గేరు నిలవదు, జారి బయటికొస్తుంది. ఆ ఖర్చు ముందు ఈ కార్బొరేటర్ పని లెక్కలోది కాదు.

కాకినాడ తమ్ముడూ, డ్రమ్ములో నడిచిందంటే ఇంజన్ స్టార్టవుతుందని తెలిసింది, అంతే. డ్రమ్ములో నీళ్లు గిర్రున తిరుగుతూ నురగ పడతాయి. ప్రొపెల్లర్‌కి పట్టు దొరకదు, ఇంజన్‌కి బరువు తెలియదు. అక్కడ న్యూట్రల్‌లో పెట్టిన సెట్టింగు ఏట్లో నిలవదు. స్క్రూ ముట్టుకోకముందు మూడు చూసి చెప్పు. ఆగిపోయే ముందు పెట్రోలు గొట్టం మీది రబ్బరు బల్బు నొక్కితే కోలుకుంటోందా? తుమ్మేటప్పుడు చోక్ (గాలి తగ్గించే మీట) కాస్త లాగితే తగ్గుతోందా? రెండు స్పార్క్ ప్లగ్గుల ముక్కులు ఏ రంగులో ఉన్నాయి?

కాకినాడ కుర్రాడు:
బల్బు నొక్కితే ఏ తేడా లేదు. చోక్ సగం లాగితే తుమ్ము తగ్గింది, ఇంజన్ కాస్త నిలబడింది. ప్లగ్గులు రెండూ తెల్లగా, సున్నం రాసినట్టు ఉన్నాయి. ఇంజన్‌ని చల్లబరిచి పక్కకి వచ్చే నీళ్ల ధార గట్టిగానే ఉంది.

మచిలీపట్నం, పాత మెకానిక్:
బల్బుతో తేడా లేదంటే ఫ్యూయల్ పంపు మీద అనుమానం తగ్గింది. చోక్‌కి కోలుకుంటోంది, ప్లగ్గులు తెల్లగా ఉన్నాయి. అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. ఒక్క ప్లగ్గే తెల్లగా ఉండుంటే క్రాంక్ సీలు దగ్గర గాలి లీకు వెతకమనేవాణ్ణి. రెండూ ఒకేలా ఉన్నాయి కాబట్టి ముందు స్లో మిక్స్చర్, అంటే తక్కువ స్పీడులో గాలీ పెట్రోలూ కలిసే పాళ్లు చూద్దాం. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత బండిలో పాత సెట్టింగే ఉంచితే దానితో మిక్స్చర్ కాస్త లీన్, అంటే పలచన అవుతుంది.

తెప్పని జెట్టీకి రెండు తాళ్లతో గట్టిగా కట్టు. వెనక ఎవరూ నీళ్లలో ఉండకూడదు. లాగితే ఇంజన్ ఆగిపోయే కిల్ స్విచ్ తాడు నీ చేతికి ఉండాలి. కార్బొరేటర్ కవర్ గాస్కెట్టు, బోల్టులు ఒకసారి బిగుతు చూడు. ఇంజన్ పది నిమిషాలు వేడెక్కాక ముందుకు గేరు వేసి, పిడి వీలైనంత తగ్గించు. మిక్స్చర్ స్క్రూ ఎనిమిదో వంతు తిప్పి, కాసేపు ఆగి, చప్పుడు విను. వెంటనే ఇంకోసారి తిప్పకు, ఇంజన్ మార్పు చూపించడానికి కొంచెం టైం పడుతుంది. ఏ వైపు తిప్పితే పెట్రోలు పెరుగుతుందో కంపెనీని బట్టి మారుతుంది. కొన్నిటిలో అది గాలి స్క్రూ, కొన్నిటిలో పెట్రోలు స్క్రూ. అందుకే చెవే ప్రమాణం. బాగా చిక్కనైతే ఇంజన్ బరువుగా గునుస్తుంది, పొగ పెరుగుతుంది. పలచనైతే తుమ్ముతుంది. నున్నగా నడిచే చోటు దొరికాక అక్కణ్ణుంచి ఒక వెంట్రుకవాసి చిక్కన వైపే ఉంచు. ఐడిల్ స్క్రూ చివర్లో ముట్టుకో.

కాకినాడ కుర్రాడు:
గేరు వేస్తే ఇప్పుడు ఆగట్లేదు బాబాయ్! కానీ ఒక్కసారి పిడి తిప్పితే తుమ్ము ఇంకా ఉంది, ఇదివరకంత కాదు.

మచిలీపట్నం, పాత మెకానిక్:
అయితే లింకు రాడ్ చూడాలి. పాత టూ స్ట్రోక్‌లో పిడి తిప్పితే రెండు పనులు జరుగుతాయి. ఫ్లైవీల్ కింద ప్లేటు జరిగి స్పార్క్ ముందుకొస్తుంది, దానికి తగ్గట్టు కార్బొరేటర్‌లో గాలి దారికి అడ్డున్న రెక్క తెరుచుకుంటుంది. ఈ రెంటినీ కలిపేది లింకు రాడ్. కార్బొరేటర్ విప్పినప్పుడు ఆ రాడ్ తీసి, పొడవు చూసుకోకుండా బిగిస్తే స్పార్క్ కదలక ముందే రెక్క తెరుచుకుంటుంది. గాలి గుప్పున పోతుంది, తుమ్ము తప్పదు.

ఇంజన్ ఆపి, కిల్ తాడు తీసేసి, ప్లగ్ క్యాపులు రెండూ పీకు. ఫుల్ వరకు పిడి తిరగాలంటే గేరులో ఉండాలి కాబట్టి ప్రొపెల్లర్ చేత్తో తిప్పుతూ గేరు వెయ్యి. ఇప్పుడు పిడి మెల్లగా తిప్పుతూ చూడు. పిడితో కదిలే వంపు ముక్క (క్యామ్) మీద గీత ఉంటుంది, రెక్కని తెరిచే చిన్న చక్రం (రోలర్) ఆ గీత దగ్గరికి వచ్చాకే రెక్క కదలాలి. పిడి చివరికి వచ్చేసరికి ప్లేటు ఆపుకి తగలాలి, రెక్క పూర్తిగా తెరుచుకోవాలి.

కాకినాడ కుర్రాడు:
గీతకి చాలా ముందే రోలర్ తగులుతోంది. చిన్న నట్టు వదులు చేసి రాడ్ రెండు చుట్లు తిప్పాను, ఇప్పుడు గీత మీదే కలిసింది. ఏట్లో చూశాం, ఎంత ఒక్కసారిగా తిప్పినా తుమ్మలేదు. నాన్నే పిడి పట్టుకుని మళ్లీ మళ్లీ తిప్పి చూశారు. ఆయిల్ సంగతి అడగాలి. షెడ్డు వాళ్లు బైకు 2టీ ఆయిల్ పోయమన్నారు.

మచిలీపట్నం, పాత మెకానిక్:
వద్దు. బైకు ఆయిల్ గాలితో చల్లబడే ఇంజన్లకి. నీకు డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని రాసుండాలి. కొత్త రింగులు కాబట్టి మొదటి పది గంటలు 10 లీటర్ల పెట్రోలుకి 400 మిల్లీలీటర్లు పొయ్యి. ఆ తర్వాత 200 చాలు, మీ బండి మాన్యువల్ వేరేగా చెబితే దాని మాటే విను. ఆ పది గంటల్లో ఫుల్ మీద ఎక్కువసేపు లాగకు, ఒకే స్పీడులో కూడా ఉంచకు. ఇప్పుడు పాత ప్లగ్గుల రంగు చూసి నిర్ణయించకు, కొత్తవి వేసి వేటకి వెళ్లొచ్చాక తీసి చూడు. గోధుమరంగు ఉంటే స్క్రూ జోలికి వెళ్లకు.

భీమిలి:
గురువుగారూ, మా ఐడిల్ స్క్రూ ఇవాళే తగ్గించి చూస్తాను. గేరు వేస్తే ఆగితే మళ్లీ ఇక్కడే అడుగుతా.

మచిలీపట్నం, పాత మెకానిక్:
అడుగు. ముందు నీ ప్లగ్గుల ఫోటో పెట్టు.