స్మాగ్ చెక్‌కు ముందు చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది: పి0420 కోడ్‌కు కన్వర్టర్ మార్చాల్సిందేనా?

ప్రశ్న:
నమస్కారం. మేము కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నాము. మా 2014 మోడల్ పెట్రోల్ కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఈసారి స్మాగ్ చెక్ (కారు కాలుష్య పరీక్ష) తప్పనిసరి అని నోటీసు వచ్చింది. సరిగ్గా ఇప్పుడే చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. కారు నడకలోనూ మైలేజీలోనూ తేడా ఏమీ లేదు. స్కానర్ పెడితే పి0420 కోడ్ కనిపించింది. ఒక గ్యారేజీలో చూపిస్తే, వేరే పరీక్షలేవీ చేయకుండానే కేటలిటిక్ కన్వర్టర్ (పొగలోని హానికర వాయువులను తగ్గించే భాగం) మార్చాలన్నారు. కోడ్ చెరిపేసి, లైటు ఆరగానే పరీక్షకు వెళ్లమని ఒక మిత్రుడు సలహా ఇస్తున్నారు. అది కుదురుతుందా? అంత ఖర్చు పెట్టే ముందు నేను చూసుకోగలిగినవి ఏమైనా ఉన్నాయా?

మొదటి జవాబు:
చెరిపేసి వెంటనే వెళితే ఫెయిల్ అవుతుంది. 2000, ఆ తర్వాతి మోడల్ పెట్రోల్ కార్లకు అక్కడ పొగగొట్టం దగ్గర కొలతలు తీయరు. ఓబీడీ పోర్టుకు (స్కానర్ తగిలించే సాకెట్‌కు) తమ పరికరాన్ని తగిలించి, కారు కంప్యూటర్‌లో ఉన్న సమాచారాన్నే చదువుతారు. కోడ్ చెరిపితే రెడీనెస్ మానిటర్లు (కాలుష్య నియంత్రణ భాగాలపై కారు తనకు తానే చేసుకునే పరీక్షలు) కూడా మొదటికి వస్తాయి. ఎవాప్ (పెట్రోల్ ఆవిరిని అదుపు చేసే వ్యవస్థ) మానిటర్ ఒక్కటి అసంపూర్తిగా ఉన్నా అంగీకరిస్తారు గానీ, మిగతావి పూర్తయి ఉండాలి. బ్యాటరీ తీసి పెట్టినా ఫలితం ఇంతే.

ఇక పి0420 విషయం. కన్వర్టర్ సామర్థ్యం తగ్గినట్టు కంప్యూటర్‌కు అనిపించిందని మాత్రమే ఆ కోడ్ చెబుతుంది. కన్వర్టర్ వెనక ఉన్న ఆక్సిజన్ సెన్సార్ సంకేతాన్ని బట్టే అది ఆ అంచనాకు వస్తుంది కనుక, ఆ సంకేతాన్ని తప్పుదారి పట్టించే లోపం ఏదైనా ఇదే కోడ్‌ను తేగలదు. అందుకే ముందుగా ఎగ్జాస్ట్ లీక్ ఉందేమో చూడండి. ఉదయం ఇంజిన్ చల్లగా ఉండగా ఇంకొకరితో స్టార్ట్ చేయించి, మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగను బయటకు తెచ్చే గొట్టాల భాగం) వైపు చెవి పెడితే, లీక్ ఉన్నచోట టిక్ టిక్‌మనే చప్పుడు వినిపిస్తుంది. వేడికి లోహం వ్యాకోచించాక అది చాలాసార్లు వినపడదు. గాస్కెట్ అంచున నల్లటి మసి చార కనిపిస్తే అనుమానం బలపడుతుంది.

లీక్ లేకపోతే, ఇంజిన్ బాగా వేడెక్కాక, ఒకే వేగంతో వెళుతుండగా పక్కన కూర్చున్నవారిని స్కానర్‌లో వెనక సెన్సార్ వోల్టేజీ చూడమనండి. అది 0.6, 0.7 వోల్టుల దగ్గర నిలకడగా ఉంటే కన్వర్టర్ బాగున్నట్టే. 0.1కీ 0.9కీ మధ్య గబగబా ఊగుతూ ఉంటే ఆక్సిజన్‌ను నిల్వ చేసుకునే శక్తి పోయిందని భావించవచ్చు. అప్పుడు కూడా కారణం తెలియకుండా కొత్తది వేయించవద్దు. ఇంజిన్ ఆయిల్ తాగుతున్నా, మిస్‌ఫైర్ (సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడం) ఉన్నా కొత్తదీ పాడవుతుంది. లైటు మిణుకుమిణుకుమంటే మాత్రం అది మిస్‌ఫైర్ సంకేతం, కారు నడపడం ఆపేయండి.

రెండో జవాబు:
మీది 2010 తర్వాతి మోడల్ కనుక పర్మనెంట్ కోడ్‌ను కూడా చూస్తారు. దాన్ని స్కానర్‌తో చెరపలేము. లోపం పోయిందని కారు స్వయంగా నిర్ధారించుకున్నాకే అది తొలగుతుంది. కోడ్‌లు చెరిపాక ఇంజిన్ 15 సార్లు చల్లారి వేడెక్కి, కారు 200 మైళ్లు తిరిగి ఉంటే పర్మనెంట్ కోడ్‌ను లెక్కలోకి తీసుకోరు. అయితే అసలు లోపం అలాగే ఉంటే ఆలోగానే లైటు మళ్లీ వెలిగే అవకాశం ఎక్కువ. మరమ్మతు చేయించాక, మానిటర్లు పూర్తవడానికి, రాత్రంతా ఆపి ఉంచిన కారును ఉదయం తీసి, హైవే మీద నిలకడగా కొంతసేపు నడపండి.

మూడో జవాబు:
కన్వర్టర్ మార్చక తప్పకపోతే, కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఆమోదించి, మీ కారుకు వర్తించే ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు ఉన్నదే వేయించండి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే ఇతర రాష్ట్రాల రకం వేస్తే, లైటు ఆరినా స్మాగ్ చెక్‌లో కంటితో చేసే తనిఖీలో ఫెయిల్ చేస్తారు. డీఎంవీ (వాహన రిజిస్ట్రేషన్ శాఖ) ఫీజును మాత్రం గడువులోగా కట్టేయండి. స్మాగ్ చెక్ ఆలస్యమైనా ఫీజు మీద జరిమానా పడదు. ఆదాయ పరిమితిలోపు ఉన్నవారికి కారు ఫెయిల్ అయితే మరమ్మతుకు రాష్ట్ర ప్రభుత్వం సాయం చేస్తుంది. అయితే ముందే చేయించిన పనికి ఆ డబ్బు తిరిగి ఇవ్వరు కాబట్టి, దరఖాస్తు మంజూరయ్యాకే పని మొదలుపెట్టించండి.