సోలార్ వాచీ సెకన్ల ముల్లు రెండేసి సెకన్లు గెంతుతోంది, టైమూ వెనకబడుతోంది. ఏం చెయ్యాలి?

నైట్ డ్యూటీ సిస్టర్, రాజమండ్రి

అందరికీ నమస్కారం. నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూ స్టాఫ్ నర్సుని. మూడేళ్ల కిందట మా అన్నయ్య మస్కట్ నుంచి వస్తూ నాకు సోలార్ వాచీ తెచ్చాడు. "దీనికి సెల్లు వేయించే పని లేదు, వెలుతురు తగిలితే చాలు" అని తనే చేతికి పెట్టాడు. ముళ్ల వాచీ. తెల్ల డయలు, సన్నటి ఎర్ర సెకన్ల ముల్లు. ఆ ఎర్ర ముల్లుతోనే నా పనంతా. పల్స్ చూడాలన్నా, సెలైన్ చుక్కలు లెక్కపెట్టాలన్నా గ్లవ్స్ వేసుకున్న చేతులతో ఫోను తియ్యలేను కదా.

రెండు వారాల నుంచి ఆ ముల్లు సెకనుకోసారి కదలడం మానేసి, రెండు సెకన్లు ఆగి ఒక్కసారిగా రెండు గీతలు గెంతుతోంది. 500 ఎంఎల్ సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కించాలంటే, 20 చుక్కలకి ఒక ఎంఎల్ పడే సెట్‌తో నిమిషానికి 42 చుక్కలు పడాలి. నేను 15 సెకన్లు చూసి, పదో పదకొండో చుక్కలు పడితే సరిపోయిందనుకుంటాను. ఇప్పుడు ముల్లు 14 మీద ఆగి నేరుగా 16కి వెళ్లిపోతోంది. 15 అన్నదే కనపడదు. మొన్న ఒక పెద్దాయన పల్స్ మూడుసార్లు చూడాల్సి వచ్చింది, నాకే నమ్మకం కుదరక.

దీనికి తోడు టైము కూడా వెనకబడుతోంది. ఒకరోజు నాలుగు నిమిషాలు, ఒకరోజు ఏమీ లేదు, ఇంకోరోజు ఏడు నిమిషాలు. కేస్ షీటులో మందు ఇచ్చిన టైము రాసే ఉద్యోగం నాది. చాలా టెన్షన్‌గా ఉంది.

ఇక్కడ ఒక షాపులో చూపిస్తే సెల్లు అయిపోయింది, 150 రూపాయలిస్తే మామూలు సెల్లు వేస్తానన్నాడు. ఇది సోలార్ అండీ అంటే, ఏ వాచీకైనా సెల్లు సెల్లే అన్నాడు. మనసొప్పక మూత తియ్యనివ్వకుండా తెచ్చేసుకున్నాను. తెలిసినవాళ్లు చెప్పండి.

వాచీ మెకానిక్, తెనాలి

మూత తియ్యనివ్వకుండా మంచి పని చేశారమ్మా. ముందు ఆ సెల్లు సంగతి చెప్తాను.

సోలార్ వాచీలో ఉండేది మళ్లీ మళ్లీ ఛార్జి అయ్యే లిథియం సెల్లు. డయలు కింద సోలార్ ప్లేటు ఉంటుంది. డయలు మనకి మామూలుగానే కనిపిస్తుంది గానీ వెలుతురు దానిలోంచి కొంత లోపలికి దిగుతుంది. ఆ కరెంటు ఈ సెల్లులో చేరుతుంది. షాపుల్లో అందరూ వేసేది సిల్వర్ ఆక్సైడ్ సెల్లు. అది ఖర్చు చెయ్యడానికే గానీ ఛార్జి చెయ్యడానికి కాదు. సోలార్ వాచీలో దాన్ని పెడితే ప్లేటు దానికీ కరెంటు ఎక్కిస్తూనే ఉంటుంది. కారుతుంది, ఒక్కోసారి పగిలే ప్రమాదం కూడా ఉంది. అలా వేరేచోట మామూలు సెల్లు వేయించుకున్న వాచీ ఒకటి నా దగ్గరికి వచ్చింది. మూత తీస్తే కాయిల్ మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. సన్న రాగితీగ తెగిపోయింది. ఏమీ చెయ్యలేక తిరిగి ఇచ్చేశాను. ఈ రోజుకీ బాధే.

మూడేళ్ల వాచీకి అసలు సెల్లు పాడవడం అరుదు. సాధారణంగా ఆ సెల్లు చాలా ఏళ్లు పని చేస్తుంది.

మీది ఏ కంపెనీయో చెప్పలేదు. పరవాలేదు. సిటిజన్, సీకో సోలార్ వాచీలు రెండింటిలోనూ రెండేసి సెకన్ల గెంతు అంటే రోగం కాదు, ఆకలి. ఛార్జింగ్ తగ్గిందని వాచీ మీకు చెప్తోంది. అలా గెంతుతున్నప్పుడు కూడా టైము తప్పదు, రెండు సెకన్లకోసారి రెండు సెకన్లు కదులుతుంది కాబట్టి లెక్క సరిపోతుంది. కొన్ని రోజులు చూసి, వెలుతురు అందకపోతే ఆగిపోతుంది.

కాబట్టి వెనకబడటానికి కారణం వేరే ఉండాలి. ఒకరోజు నాలుగు, ఒకరోజు సున్నా, ఒకరోజు ఏడు అన్నారు చూడండి, నాకు అక్కడే అనుమానం. రెండు మాటలు చెప్పండి. డ్యూటీలో వాచీ ఎక్కడ ఉంటుంది? సెలవురోజు ఎక్కడ ఉంటుంది?

నైట్ డ్యూటీ సిస్టర్, రాజమండ్రి

థాంక్స్ అండీ. మా ఐసీయూలో ఇన్‌ఫెక్షన్ భయంతో మోచేతి కింద ఏమీ పెట్టుకోకూడదన్న నియమం కచ్చితంగా పాటిస్తున్నారు. నాలుగు నెలలైంది. అప్పటినుంచి వాచీ యూనిఫాం జేబులోనే. కావలసినప్పుడు తీసి చూసి మళ్లీ జేబులో వేస్తాను. అదే జేబులో ఫోను కూడా ఉంటుంది. పర్సులాగా మూసుకునే కవరు, మూత టప్పున అతుక్కుంటుంది.

వరసగా నైట్స్ చేస్తున్నాను. పగలు కర్టెన్లు వేసుకుని పడుకుంటాను. సెలవురోజు వాచీ బీరువాలో పెడతాను, పిల్లలు తీస్తారని.

ఇది రాస్తుంటేనే అర్థమవుతోంది, నాలుగు నెలలుగా పాపం దానికి వెలుతురే చూపించలేదు.

వాచీ మెకానిక్, తెనాలి

అదేనమ్మా. రెండు ఇబ్బందులూ ఆ ఒక్క జేబులోంచే వచ్చాయి.

ఆ కవరు మూత టప్పున అతుక్కుంటోందంటే లోపల అయస్కాంతం ఉన్నట్టు. ఫోను స్పీకరులో కూడా ఉంటుంది. ముళ్ల వాచీలో ముళ్లని తిప్పేది గింజంత మోటారు. ఆ మోటారు మధ్యలో తిరిగేది కూడా అయస్కాంతమే. బయటి అయస్కాంతం బలంగా లాగితే అది తిరగాల్సినప్పుడు తిరగలేదు. ముల్లు నిలబడిపోతుంది. మీరు జేబులోంచి తీసి చూసేసరికి మళ్లీ మామూలుగా నడుస్తుంది. పోయిన నిమిషాలు మాత్రం పోయినట్టే. వాచీ కవరు మూత వైపు పడిన రోజు ఏడు నిమిషాలు, ఫోను అటు తిరిగిన రోజు ఏమీ లేదు. అందుకే లెక్క లేకుండా మారుతోంది. మిషనులో లోపమైతే రోజూ ఒకే తీరుగా తప్పేది. దూరంగా పెడితే చాలు, లోపల ఏమీ పాడవదు. హ్యాండ్‌బ్యాగు గుండీ, టాబ్లెట్ కవరు, స్పీకరు బాక్సు, వీటికి కూడా జానెడు దూరం ఉంచండి.

ఇక ఛార్జింగ్. ఆఫీసు గదిలో వెలుతురు సుమారు 500 లక్స్ ఉంటుంది. నడి ఎండలో 1,00,000 లక్స్ దాకా ఉంటుంది. రెండువందల రెట్లు. ఛార్జింగ్ సరిగ్గా అదే లెక్కన పెరగదు గానీ, ట్యూబులైటు కింద గంటల్లో అయ్యే పని ఎండలో నిమిషాల్లో అవుతుంది. ఒకరోజు నడవడానికి కావలసింది కొన్ని నిమిషాల ఎండే. అయితే మీది దాదాపు ఖాళీ అయింది కాబట్టి ముల్లు మామూలుగా కదలగానే ఆపెయ్యకండి. అది అడుగున నాలుగు గుక్కలు పడినట్టే. నాలుగైదు రోజులు వరసగా ఉదయం ఎండ చూపించండి. నిండితే చాలా మోడళ్లు చీకట్లో కూడా ఆరు నెలలు నడుస్తాయి. ఎక్కువ ఛార్జి అవుతుందేమోనన్న భయం వద్దు, లోపలే ఆపుకునే ఏర్పాటు ఉంది.

ఒక్క జాగ్రత్త. మే నెలలో డాబా పిట్టగోడ మీద పెట్టకండి. కారు అద్దం కింద అసలే వద్దు. 60 డిగ్రీలు దాటితే సెల్లుకీ లోపలి భాగాలకీ చేటు. తూర్పు కిటికీ దగ్గర, గదిలోపలే, ఒక గ్లాసుకి బెల్టు చుట్టి డయలు బయటికి చూసేలా నిలబెట్టండి. మామూలు బల్బు వేడికి దగ్గరగా పెట్టి ఛార్జి చేసేవాళ్లున్నారు. అర మీటరు దూరమైనా లేకపోతే అదీ ప్రమాదమే.

డ్యూటీలో జేబులో వద్దు. బెల్టు తీసేసి, చిన్న పట్టీతో ఛాతీ జేబు పైన బయటికి వేలాడేలా పిన్ను పెట్టుకోండి. పాతకాలం సిస్టర్లు అలాగే పెట్టుకునేవారు, మా అత్తగారు కూడా. వార్డు లైటయినా రోజూ తగులుతుంది. ఫోను రెండో వైపు జేబులో వేసుకోండి.

సీనియర్ సిస్టర్, గుంటూరు

వాచీ గురించి నాకు తెలియదు గానీ ఒక మాటమ్మా. ఛార్జి అయ్యేదాకా 15 సెకన్ల లెక్క మానెయ్యి. ముల్లు 12 మీదికి వచ్చినప్పుడు మొదలుపెట్టి 30 సెకన్లు చూడు, గెంతినా 30 మీద ఆగుతుంది. చుక్కలైతే 21 పడాలి. పల్స్ తడబడుతున్న మనిషికి ఎలాగూ నిండు నిమిషం చూడాల్సిందే, వాచీ బాగున్నా సరే. పెద్దాయన పల్స్ మూడుసార్లు చూశావు కదా, అది మంచి అలవాటే.

రిటైర్డ్ గార్డు, సామర్లకోట

నేను రైల్వేలో గూడ్స్ గార్డుగా చేశాను. ఇప్పుడు ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు. టైము సరిచూసుకోవడం మా ఉద్యోగంలో భాగం. ఛార్జింగ్ గురించి పై ఆయన చెప్పారు, నేను టైము గురించి చెప్తాను.

సోలారైనా సెల్లుదైనా లోపల టైము పట్టేది సెకనుకి 32,768 సార్లు అదిరే క్వార్ట్జ్ ముక్క. మామూలు వాచీలకి నెలకి 15 సెకన్లు అటూ ఇటూ తేడాని కంపెనీలే ఒప్పుకుంటాయి. ఆ ముక్కకి 25 డిగ్రీల దగ్గర సుఖం. దానికంటే వేడెక్కినా చల్లబడినా నెమ్మదిస్తుంది. 45 డిగ్రీల్లో ఉంచేస్తే రోజుకి ఒక సెకను పైనే వెనకబడుతుంది. కాబట్టి ఎండలో ఛార్జింగ్ అయ్యాక వాచీని నీడకి తెచ్చెయ్యండమ్మా, రోజంతా అక్కడే వదలకండి.

నిమిషాల తేడా పోయాక సెకన్ల తేడా చూసుకోండి. ఒకటో తారీఖు ఉదయం ఒకే వేళకి ఫోనుతో పోల్చి, ఎన్ని సెకన్లు ముందుందో వెనకుందో రాసుకోండి. నెల తరవాత మళ్లీ చూడండి. రోజూ దిద్దుతూ పోతే మీ వాచీ నడక మీకు ఎప్పటికీ తెలియదు. నేను ఒక జేబు పుస్తకంలో రాసుకునేవాణ్ణి. అప్పట్లో పోల్చుకోవడానికి ఆకాశవాణి వార్తల ముందు వచ్చే బీప్‌లే ఆధారం. ఇప్పుడు టీవీ చూసి, ఫోనులో రేడియో విని టైము పెట్టుకోకండి, అవి కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తాయి. ఫోను నెట్‌వర్క్ టైము చాలు.

టైము పెట్టే పద్ధతి కూడా ఉంది. సెకన్ల ముల్లు 12 మీదికి రాగానే కీ లాగండి. పెద్ద ముల్లుని కావలసిన నిమిషం దాటించి నాలుగైదు నిమిషాలు ముందుకు తిప్పి, మళ్లీ వెనక్కి తెచ్చి గీత మీద నిలపండి. పళ్లచక్రాల మధ్య ఉండే వదులు పోతుంది. ఫోనులో సున్నా పడగానే కీ నొక్కండి.

ఇంకో ముచ్చట. మన దేశపు టైముకి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ దగ్గరగానే పోతుంది. టైము విషయంలో మన గోదావరి జిల్లాల వాళ్లం కాస్త పట్టుదలగా ఉండాలని నేను మా పిల్లలకి చెప్పేవాణ్ణి.

జర్మనీ నుంచి తిరిగొచ్చినవాణ్ణి, హైదరాబాద్

టైము తనంతట తనే దిద్దుకునే రేడియో సోలార్ వాచీ కొనమని సిస్టర్ గారికి ఎవరైనా సలహా ఇస్తారేమోనని రాస్తున్నాను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్నప్పుడు నా దగ్గర అలాంటిది ఉండేది. టైము సిగ్నల్ పంపే మైన్‌ఫ్లింగెన్ రేడియో స్టేషను పక్కనే, ప్రతి రాత్రీ 77.5 కిలోహెర్ట్జ్ సిగ్నల్ పట్టుకుని దిద్దుకునేది. ఏడాది పొడుగునా సెకను తేడా చూడలేదు. ఆ స్టేషన్లు జర్మనీ, బ్రిటన్, అమెరికా, చైనా, జపాన్‌లలో ఉన్నాయి. మనకి లేదు. హైదరాబాద్ వచ్చాక ఊరి పేరు ఢిల్లీ అని పెట్టుకుని మామూలు క్వార్ట్జ్ వాచీలాగే వాడుతున్నాను, నెలకోసారి చేత్తో దిద్దుతాను. ఇక్కడ ఉండేవాళ్లు అంతగా కావాలనుకుంటే బ్లూటూత్‌తో ఫోను నుంచి టైము తీసుకునేది చూసుకోవాలి. ఉన్న వాచీ బాగుంటే మాత్రం మార్చే అవసరమే లేదండీ.

నైట్ డ్యూటీ సిస్టర్, రాజమండ్రి

పదమూడు రోజుల తరవాత రాస్తున్నాను. డ్యూటీ దిగి వచ్చి ఉదయం ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా వంటింటి తూర్పు కిటికీలో స్టీలు గ్లాసుకి చుట్టి పెట్టాను, ఆరు రోజులు. మొదటిరోజే ముల్లు సెకనుకోసారి కదిలింది. ఆపెయ్యవద్దన్నారని ఆపలేదు. పిల్లలు దాన్ని ముట్టుకోకుండా మా చిన్నది కాపలా కాసింది.

మా టైలరు ఎర్ర రిబ్బనుతో పట్టీ కుట్టిచ్చాడు. వాచీ ఇప్పుడు ఛాతీ జేబు పైన బయటికి ఉంటుంది. తలకిందులుగా వేలాడదీశాను, కిందికి చూస్తే నాకు తిన్నగా కనిపిస్తుంది. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ మేడంని అడిగాను, డ్యూటీ దిగేముందు స్పిరిట్‌తో తుడిస్తే ఒప్పుకుంటామన్నారు. ఫోను కవరు తీసేశాను.

నిమిషాలు పోవడం పూర్తిగా ఆగిపోయింది. గార్డు గారు చెప్పినట్టు కీ లాగి, ముందుకు తిప్పి వెనక్కి తెచ్చి పెట్టాను. పది రోజులకి ఫోనుతో పోలిస్తే రెండు సెకన్లు ముందుంది. దిద్దకుండా వదిలేశాను, ఒకటో తారీఖున రాసుకుంటాను. గుంటూరు అక్కా, ఛార్జి అయినా 30 సెకన్ల లెక్కే ఉంచేసుకున్నాను. నిన్న రాత్రి మూడో నంబరు బెడ్‌కి సరిగ్గా 21 చుక్కలు పడ్డాయి.

అన్నయ్యకి ఫోటో పంపాను. తన సోలార్ వాచీ కూడా రెండేసి గెంతుతోందట, ఫుల్ చేతుల చొక్కా కింద ఉంటుంది కదా. ఇదంతా వాడికి చదివి వినిపించాను.