అండమాన్‌లో తీసిన నలుపు, నీలం, పసుపు నత్తల ఫోటోలు: జాతిని తేల్చాలంటే ఇంకా ఏమేమి కనిపించాలి?

కడలిబాట, హైదరాబాదు

అందరికీ నమస్కారం. ఈ ఫిబ్రవరిలో హేవ్‌లాక్, నీల్ దీవుల దగ్గర స్కూబా డైవింగ్ చేస్తూ గుల్ల లేని సముద్రపు నత్తలను, అంటే న్యూడిబ్రాంక్‌లను, ఫోటోలు తీశాను. వాటిలో ఎక్కువ భాగం ఒకే పోలికలో ఉన్నాయి: నల్లని ఒంటి మీద నీలిబూడిద రంగు గట్లు, ఆ గట్ల మీద పసుపు బొడిపెలు. మాతో వచ్చిన గైడు అన్నింటినీ ‘వేరికోసా’ (ఫిల్లిడియా వేరికోసా అనే జాతి) అనే చెప్పాడు. ఇంటికి వచ్చి పెద్ద తెర మీద చూస్తే మాత్రం అన్నీ ఒకటి కావని అనిపిస్తోంది. ఒకదాని కొమ్ములు పసుపుగా ఉన్నాయి, ఇంకొకదానివి నల్లగా ఉన్నాయి, మరొకదానికి అసలు కొమ్ములే కనిపించడం లేదు. నా కెమెరా ఒలింపస్ టీజీ-6, హౌసింగ్‌లో (నీరు చొరబడని పెట్టెలో) పెట్టి ఒక స్ట్రోబ్, అంటే విడి ఫ్లాష్ దీపం, వాడాను. ఇటువంటి వాటిని వేరు చేయడానికి ఏ లక్షణాలు చూడాలో, వచ్చే ఏడాది వెళ్ళినప్పుడు ఏ కోణాల నుంచి తీయాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మూర్తి_మాక్రో, చెన్నై

కడలిబాట గారూ, మీరు అడిగిన గుంపు మన సముద్రాలలో అందరికీ కనిపించేదే గాని, పేరు తేల్చడం దగ్గర అందరినీ ఇబ్బంది పెట్టేది కూడా ఇదే. అందుకే కాస్త వివరంగా వ్రాస్తున్నాను.

మొదట తేల్చవలసింది అది నత్త అవునా, కాదా అన్నది. నలుపు మీద లేత రంగు బొడిపెల వేషం సముద్రంలో మూడు వేర్వేరు వర్గాల జీవులు వేస్తాయి. ఒకటి, ఫిల్లిడియా కుటుంబానికి చెందిన అసలు నత్తలు. రెండవది, సూడోసెరోస్ ఇమిటేటస్ అనే చదును పురుగు. ఇది ఫిల్లిడియెల్లా పుస్టులోసా అనే నత్తను ఎంతగా పోలి ఉంటుందంటే, 1994లో దీనికి శాస్త్రనామం పెట్టినవారు ఆ పోలికనే పేరుగా ఖాయం చేశారు. మూడవది, పియర్సనోథూరియా గ్రేఫై అనే సముద్ర దోసకాయ పిల్ల. పెద్దయ్యాక గోధుమ, బూడిద రంగుల్లోకి మారే ఈ జీవి, చిన్నతనంలో వేరికోసా నత్తలాగా రంగులు వేసుకుని పగటిపూటే ధైర్యంగా బయట తిరుగుతుంది. ఫిల్లిడియా విషపూరితమని చేపలకు తెలుసు కాబట్టి, విషం ఉన్నా లేకపోయినా ఆ రంగులే దానికి రక్షణ.

వీటిని విడదీసేది తలమీది రెండు వాసన కొమ్ములు, అంటే రైనోఫోర్లు. నత్తకు అవి వీపు ముందు భాగంలో విడివిడిగా గుంటల్లోంచి పైకి లేస్తాయి, వాటి మీద సన్నని మడతలు పొరలు పొరలుగా ఉంటాయి. చదును పురుగుకు అటువంటివి ఉండవు, దాని ముందు అంచే రెండు చోట్ల మడతపడి కొమ్ముల్లా కనిపిస్తుంది. పైగా ఒళ్ళు కాగితమంత పలుచగా ఉండి, అంచులు అలల్లా ఆడిస్తూ నత్తకంటే చురుకుగా కదులుతుంది. దోసకాయ పిల్లకు పసుపు బొడిపెలు నిటారుగా లేచి ఉంటాయి గాని కొమ్ముల జత ఉండదు. మీరు ‘కొమ్ములే కనిపించడం లేదు’ అన్న ఫోటోను ఈ దృష్టితో మరొకసారి చూడండి. అయితే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. నత్త బెదిరితే కొమ్ములను గుంటల్లోకి లాక్కుంటుంది. అప్పుడు కొమ్ములు లేకపోయినా వాటి గుంటలు కనిపిస్తాయి.

నత్తే అని తేలితే, తరువాత కొమ్ముల రంగు చూడాలి. సాధారణంగా పసుపు లేదా నారింజ రంగు అయితే ఫిల్లిడియా ప్రజాతి, నలుపు అయితే ఫిల్లిడియెల్లా ప్రజాతి (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు). ఇవి చేరే డోరిడ్ వర్గంలోని మిగతా నత్తలకు వీపు వెనుక భాగాన పువ్వులా విచ్చుకునే మొప్పలు వీటికి ఉండవు. వీటి మొప్పలు ప్రావారపు (వీపును కప్పే చర్మపు మడత) అంచు కింద, పాదానికి రెండు పక్కలా దాగి ఉంటాయి. కనుక ‘మొప్పలు కనిపించలేదు, ఫోటో సరిగా రాలేదేమో’ అని అనుకోనవసరం లేదు.

ఇక ఫిల్లిడియాలోని రెండు జాతులు, వేరికోసాకూ, కోయెలెస్టిస్‌కూ మధ్య తేడా. రెండూ నీలం, నలుపు, పసుపు రంగులవే, రెండింటి కొమ్ములూ పసుపే. తిరుగులేని తేడా పాదం అడుగున ఉంటుంది. వేరికోసా పాదం మధ్యలో నిలువుగా ఒక నల్లని గీత ఉంటుంది, కోయెలెస్టిస్‌కు ఉండదు. ఎలిగన్స్ అనే మరో జాతికి కూడా ఆ గీత ఉంటుంది గాని, దాని బొడిపెల మొదళ్ళు గులాబీ వన్నె కలిసిన తెలుపుగా ఉంటాయి.

ఉత్తరపవనం, పోర్ట్ బ్లెయిర్

మూర్తి గారు చెప్పినదంతా నిజమే. కాని పాదం అడుగు చూడాలంటే ఒకటే మార్గం: గైడు చేతిలోని స్టీలు పుల్లతో నత్తను మెల్లగా ఒక పక్కకు ఎత్తి, ఫోటో తీసుకుని, తిరిగి అక్కడే ఉంచాలి. ఒక క్షణం పని అది. శాస్త్రవేత్తలు నమూనాలనే సేకరిస్తుంటే, ఫోటో కోసం ఒకసారి కదిలించడం అంత పెద్ద విషయం కాదని నా అభిప్రాయం.

నీలివేణి, విశాఖపట్నం

ఉత్తరపవనం గారూ, ఈ ఒక్క విషయంలో మీతో ఏకీభవించలేను. నత్త రాతిని పట్టుకుని ఉండేది పాదం బలంతోనూ, తన జిగురుతోనూ మాత్రమే. ఆ పట్టు ఒకసారి తప్పితే, ఒక మోస్తరు ప్రవాహం ఉన్నా అది కొట్టుకుపోతుంది. ఈ నత్తలు కొన్ని రకాల స్పంజికలను మాత్రమే తింటాయి కాబట్టి, కొట్టుకుపోయి పడిన చోట దాని ఆహారం ఉంటుందన్న భరోసా లేదు. మీరు ‘అక్కడే ఉంచాలి’ అన్నారు గాని, చేతి తొడుగుల లావుతో, శ్వాసతో పైకీ కిందకీ తేలే శరీరంతో, మూడు సెంటీమీటర్ల జీవిని నిజంగా అదే చోట, అదే పట్టులో ఉంచడం ఎంతమందికి సాధ్యం?

మరొక సంగతి. ఫిల్లిడియాను ముట్టుకుంటే తెల్లని జిగురు వదులుతుంది. 1963లోనే జొహానెస్ అనే పరిశోధకుడు, ఫిల్లిడియా వేరికోసా వదిలే ఈ స్రావం చేపలనూ, పీత జాతి జీవులనూ చంపగలదని ప్రచురించారు. 1975లో హవాయిలో జరిగిన పరిశోధనలో ఆ విషం ఐసోసయనైడ్ వర్గపు రసాయనమనీ, నత్త దానిని తాను తినే హైమెనియాసిడాన్ అనే స్పంజిక నుంచి తెచ్చుకుంటుందనీ తేలింది. అంటే అది తనంతట తాను క్షణాల్లో తయారు చేసుకునే సరుకు కాదు, తిండి ద్వారా కూడబెట్టుకున్న రక్షణ. దానిని మన ఫోటో కోసం ఖర్చు చేయించే హక్కు మనకు లేదు.

పాదం చూడటానికి వేరే మార్గాలు ఉన్నాయి. రాతి చూరు కింద తలకిందులుగా పాకుతున్న నత్తలనూ, ఒక రాతి కొస నుంచి ఇంకొక రాతికి సాగుతూ ముందు సగం గాలిలో లేపినట్టు నీటిలో లేపిన నత్తలనూ వెతకండి. ఆ రెండవ సందర్భంలో, కెమెరాను నేలకు ఆనించకుండా వీలైనంత కిందకు దించి ఎదురుగా తీస్తే, నోటి పక్కనున్న స్పర్శకాలూ, పాదపు ముందు భాగమూ, గీత ఉంటే దాని మొదలూ ఒకే ఫ్రేములో పడతాయి. అలా దొరకనప్పుడు ‘ఫిల్లిడియా, జాతి తేలలేదు’ అని వ్రాసుకోవడంలో తప్పు లేదు. అది పూర్తిగా నిజమైన సమాధానం. ఫిల్లిడియెల్లా పుస్టులోసా అని మనం పిలిచేది కూడా అసలు ఒక జాతి కాదనీ, ఒకేలా కనిపించే పలు జాతుల కూటమి అనీ జన్యు పరిశీలనలు చెబుతున్నాయి. కనుక ఎంత మంచి ఫోటోకైనా ఒక హద్దు ఉంది.

ఉత్తరపవనం, పోర్ట్ బ్లెయిర్

విషం తిండి నుంచి వస్తుందన్న సంగతి ఈ విధంగా ఆలోచించలేదు, నీలివేణి గారూ. మా దగ్గరకు వచ్చే డైవర్లకు చూరు కింద వెతకమని చెబుతాను. ఇక్కడి రాళ్ళలో అటువంటి చోట్లకు కొదవ లేదు.

మూర్తి_మాక్రో, చెన్నై

ఫోటో తీసే పద్ధతి గురించి కూడా అడిగారు కాబట్టి నాకు తెలిసినది చెబుతాను.

టీజీ-6లో మైక్రోస్కోప్ మోడ్ లెన్సుకు 1 సెంటీమీటరు దూరంలో ఉన్నదానిని కూడా పట్టగలదు, కాని అంత దగ్గరకు వెళితే హౌసింగ్ ముక్కు నీడ నత్త మీద పడి స్ట్రోబ్ వెలుగు అందదు, నత్త కూడా ఒళ్ళు ముడుచుకుంటుంది. ఒక జానెడు దూరంలో ఆగి, జూమ్ చేసి తీయడం మేలు. స్ట్రోబ్‌ను నేరుగా ఎదురుగా కాకుండా కాస్త పక్కగా, పైనుంచి పడేలా పెడితే బొడిపెల ఎత్తుపల్లాలు తెలుస్తాయి, నీటిలో తేలే నలుసులు కూడా తెల్లచుక్కల్లా మెరవవు. స్ట్రోబ్ లేకుండా తీసిన ఫోటోలో రంగును నమ్మవద్దు. నీరు మొదట ఎరుపును, ఆ తరువాత నారింజను మింగేస్తుంది కాబట్టి, 15 మీటర్ల లోతులో నారింజ కొమ్ములు మట్టిరంగుగా కనిపించి మనల్ని తప్పుదారి పట్టిస్తాయి.

పెద్ద కెమెరాకు 60 లేదా 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు వాడేవారు ఎఫ్/16 దగ్గర, సెకనులో 1/200 వేగంతో మొదలుపెట్టవచ్చు. ఏ కెమెరా అయినా ఫోకస్ మాత్రం కొమ్ముల మీదే ఉండాలి. కొమ్ములు మసకబారితే మిగతాదంతా స్పష్టంగా ఉన్నా గుర్తించడానికి పనికిరాదు. నేను వరుసగా తీసేవి ఇవి: పై నుంచి మొత్తం ఒళ్ళు, తరువాత పక్క నుంచి పాదపు అంచు కనిపించేలా, తరువాత ఎదురుగా తల, చివరగా కాస్త వెనక్కి జరిగి అది కూర్చున్న స్పంజికతో సహా ఒకటి. అందమైన ఫోటో మూడవదే అవుతుంది, కాని పేరు తేల్చేది తరచుగా నాలుగవదే. తినే ఆహారం జాతిని ఎంతగా పట్టిస్తుందో ఇక్కడ చాలామంది గమనించరు.

పసిఫిక్_తెలుగు, కాలిఫోర్నియా

ఆహారం గురించి మూర్తి గారు అన్నదానికి మా తీరం నుంచి ఒక ఉదాహరణ ఇస్తాను. ఇక్కడ ఒకీనియా రోజేసియా అనే నిండు గులాబీ రంగు నత్త ఉంది. అది అదే రంగులో ఉండే యూరిస్టొమెల్లా అనే బ్రయోజోవాను (రాళ్ళ మీద పొరలా గుంపులుగా పెరిగే చిన్న జీవులను) తింటుంది, దాని గులాబీ రంగు ఆ తిండి నుంచే వస్తుంది. దక్షిణాన ఎక్కువగా కనిపించే ఈ నత్త, సముద్రం మామూలుకన్నా వేడెక్కిన 2015 మొదట్లో ఉత్తర కాలిఫోర్నియా రాతితీరాల మీద పెద్ద సంఖ్యలో కనిపించింది. తేదీ, చోటు వ్రాసి పెట్టుకున్న గమనికలు ఉంటేనే ఇటువంటి మార్పు బయటపడుతుంది. మీ అండమాన్ ఫోటోలకు కూడా తేదీ, చోటు, లోతు, నీటి వేడిమి జతచేసి, జీవుల ఫోటోలను పంచుకుని గుర్తించే ఐనాచురలిస్ట్ వెబ్‌సైటులో పెట్టమని నా మనవి.

చిన్న లక్షణం ఎంత ముఖ్యమో చెప్పే ఉదాహరణ కూడా ఇక్కడే ఉంది. కాలిఫోర్నియాలోని మాంటెరీలో అందరూ హెర్మిసెండా క్రాసికోర్నిస్ అని పిలిచిన నత్తను 2016లో మూడు జాతులుగా విడదీశారు. వీపు మీది పోగుల వెంట తెల్లని గీత ఉంటే క్రాసికోర్నిస్, లేకపోతే ఒపలెసెన్స్. మూడవదైన ఎమురై పసిఫిక్ అవతలి తీరానిది. నా పాత ఫోటోలలో పోగులు స్పష్టంగా ఉన్నవాటికి మాత్రమే కొత్త పేరు వేయగలిగాను. ఇప్పుడు పనికిరాదనుకున్న వివరమే తరువాత అవసరమవుతుంది కాబట్టి, మసక ఫోటోలను కూడా వెంటనే చెరిపివేయకండి.

మంగమారిపేట_వాసి

డైవింగ్ చేయనివారి కోసం ఒక మాట. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సముద్రం బాగా వెనక్కి తీసినప్పుడు మా మంగమారిపేట రాళ్ళ గుంటల్లో కూడా గుల్ల లేని నత్తలు కనిపిస్తాయి. రుషికొండ దగ్గర డైవింగ్ చేసేవారికి నీరు మురికిగా ఉన్న రోజుల్లో కూడా, గుంటల్లో నీరు తేటపడి ఉంటుంది. మామూలు ఫోను చాలు. గొడుగు నీడ పట్టి, పక్క నుంచి టార్చి వేస్తే పైనీటి తళుకు పోయి ఒళ్ళంతా తెలుస్తుంది. నాచు తినే సముద్రపు కుందేళ్ళను, అంటే అప్లీసియాలను, కదిలిస్తే ఊదారంగు సిరా వదిలి గుంటంతా కలిపేస్తాయి. కనుక మా దగ్గరా ముట్టుకోకపోవడమే మంచి పద్ధతి.

పిల్లలతో వెళ్ళేవారికి ఒక హెచ్చరిక కూడా ఉంది. తుపాన్ల తరువాత ఒడ్డుకు వచ్చే నీలిరంగు గ్లాకస్ అనే నత్త చూడటానికి ఎంతో అందంగా ఉంటుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను తరువాత చెన్నై ఒడ్డున కూడా కనిపించింది. అది ఫైసేలియా వంటి కుట్టే జీవులను తిని, వాటి కుట్టు కణాలను తన ఒంట్లో దాచుకుంటుంది. ఇసుక మీద చచ్చినట్టు పడి ఉన్నా చేతితో తీయవద్దు.

కడలిబాట, హైదరాబాదు

అందరికీ ధన్యవాదాలు. ఫోటోలన్నీ మళ్ళీ చూశాను. కొమ్ములు లేవనుకున్న దానికి గుంటలు కూడా లేవు, అంచు పలుచగా అలలా మడతపడి ఉంది. నల్లకొమ్ములదానికి బొడిపెలు గులాబీ రంగులో ఉన్నాయి. పసుపు కొమ్ములవాటిలో ఒకటి రాతి చూరు కింద ఉంది. నా స్నేహితుని కెమెరాలో దాని పాదం దాదాపు మొత్తం వచ్చింది: లేత బూడిద రంగు, మధ్యలో ఏ గీతా లేదు. ఆ ఫోటోలను పైన జతచేశాను.

మూర్తి_మాక్రో, చెన్నై

చూశాను. మొదటిది చదును పురుగే, సూడోసెరోస్ వరకు నిశ్చయంగా చెప్పవచ్చు. రెండవదానిని ఫిల్లిడియెల్లా పుస్టులోసా కూటమి అని వ్రాయండి, అంతకు మించి ఫోటోతో ముందుకు వెళ్ళలేము. చూరు కిందిది ఫిల్లిడియా కోయెలెస్టిస్. మిగిలిన పసుపు కొమ్ములవాటికి పాదం కనిపించడం లేదు కాబట్టి వాటిని ఫిల్లిడియా దగ్గరే ఆపుదాం. కోయెలెస్టిస్ ఫోటోను ఐనాచురలిస్ట్‌లో పెట్టేటప్పుడు పాదం కనిపించే ఫ్రేమును రెండవ చిత్రంగా తప్పకుండా చేర్చండి, చూసేవారికి ఆధారం అదే.