రోజూ ఆఫీసుకూ, ఏడాదికి నాలుగు దూర ప్రయాణాలకూ ఒకే టూరింగ్ బండి సబబేనా?

మియాపూర్ వాసి:

అందరికీ నమస్కారం. మియాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడలోని ఆఫీసుకు ఎనిమిదేళ్ళుగా 125 సీసీ బండి మీద వెళ్ళివస్తున్నాను. ఏడాదికి మూడు నాలుగు సార్లు అదే బండి మీద నార్కెట్‌పల్లి–అద్దంకి రోడ్డు పట్టుకుని ఒంగోలు దగ్గరున్న మా ఊరికి వెళ్తాను. మిర్యాలగూడ దాటాక సిమెంటు లారీలు పక్కనుంచి దూసుకుపోతున్నప్పుడు చిన్న బండి గాలికి పక్కకు జరుగుతుంది. పిడుగురాళ్ళ చేరేసరికి నడుము పట్టేస్తుంది. అందుకే దీన్ని అమ్మేసి దూర ప్రయాణాలకు పనికొచ్చే రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 గానీ, సుజుకీ వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్ 250 గానీ కొనాలని ఉంది. నాలుగు ప్రయాణాల కోసం మూడు వందల రోజులు ట్రాఫిక్‌లో పెద్ద బండితో అవస్థ పడతావని నా సహోద్యోగి ఒకరు వారిస్తున్నారు. ఇలాంటి బండిని రోజూ వాడుతున్నవారు తమ అనుభవం చెప్పగలరా?

నల్లమల దారి:

మీ సహోద్యోగి చెప్పిన సలహా సరైనదే, కానీ వారు చూపిన కారణంతో నేను ఏకీభవించను. నేను 2020లో పాత 411 సీసీ హిమాలయన్ కొన్నాను. కూకట్‌పల్లి నుంచి మాదాపూర్‌కు రోజూ దాని మీదే వెళ్తూ ఇప్పటికి 61,000 కిలోమీటర్లు తిరిగాను. ట్రాఫిక్‌లో అది నన్ను పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. నిటారుగా కూర్చుంటాం కాబట్టి ముందున్న కార్ల మీదుగా దారి కనిపిస్తుంది, గుంతలో పడినా సస్పెన్షన్ ఆ దెబ్బను నడుము దాకా రానివ్వదు.

అసలు కష్టం బండి కదలకముందే ఉంటుంది. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నాకిచ్చిన చోటు రెండు స్తంభాల మధ్య ఉంది, దాని ముందు పక్కింటివారి రెండు స్కూటర్లు ఉంటాయి. రోజూ ఉదయం ఆ స్కూటర్లను జరిపి, 199 కిలోల బండిని తుంటికి ఆనించుకుని, హ్యాండిల్ ఎడమకు తిప్పి వెనక్కి లాగి, మళ్ళీ కుడికి తిప్పి ముందుకు తోస్తే తప్ప ర్యాంపు అందదు. వానాకాలంలో ఆ గచ్చు మీద చెప్పు జారితే బండిని ఆపడం ఒక్క మనిషి తరం కాదు, నేను రెండుసార్లు పడేశాను. ఆరేళ్ళలో రోడ్డు మీద బండి పడింది లేదు, పడినవన్నీ ఆ పది అడుగుల్లోనే. కాబట్టి బండి ఎన్ని కిలోలని షోరూమ్‌లో అడిగేముందు, అన్ని కిలోలను మీరు ఎక్కడ తోయాల్సి వస్తుందో ఇంటి దగ్గర చూసుకోండి.

రెండోది టైరు. నా బండికి ముందు 21 అంగుళాల చక్రం, లోపల ట్యూబు ఉన్నాయి. ఒకసారి శ్రీశైలం వెళ్తూ డిండి దగ్గర ముందు చక్రం పంక్చరైంది. పంక్చర్ షాపు పెద్దాయన చక్రం విప్పి, ట్యూబు తీసి, అతుకు వేసి మళ్ళీ బిగించడానికి గంట పైనే పట్టింది. ట్యూబ్‌లెస్ అయితే చక్రం విప్పకుండానే చిల్లులోకి రబ్బరు స్ట్రిప్పు దూర్చి పది నిమిషాల్లో పంపేవారు. సెలవు రోజున ఆ గంట లెక్కలోకి రాదు కానీ, సోమవారం ఉదయం తొమ్మిదింటికి మీటింగు పెట్టుకుని అదే జరిగితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

డబ్బు సంగతి కూడా చూడాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా ఉన్న బండ్లకు జీఎస్టీ 18 శాతానికి తగ్గింది, అది దాటిన వాటికి 40 శాతమైంది. కొత్త బండికి తప్పనిసరిగా తీసుకోవాల్సిన ఐదేళ్ళ థర్డ్ పార్టీ బీమా, 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం, 150 నుంచి 350 సీసీ దాకా 7,365 రూపాయలు, అంతకు మించితే 15,117 రూపాయలు. మీరు చెప్పిన రెండు బండ్లూ ఈ 350 సీసీ గీతకు చెరో పక్కన ఉన్నాయి.

నా మాట ఒక్కటే. మీ 125ను అమ్మకండి. ఎనిమిదేళ్ళ బండికి వచ్చే డబ్బు ఎలాగూ తక్కువ. రోజువారీ తిరుగుడు దానికి వదిలేసి, పెద్ద బండిని ఊళ్ళకు ఉంచుకోండి.

గోదారిగట్టు:

నల్లమల దారి గారి చివరి మాటను నేను ఒప్పుకోలేను. రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్నాను. 2021 నుంచి నాకున్నది ఒక్క మీటియర్ 350 మాత్రమే. బ్యాంకుకూ, రైతుబజారుకూ, అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళడానికీ, ఆదివారాలు మారేడుమిల్లి ఘాట్‌కూ అదే. దాని బరువు 191 కిలోలు, మీ హిమాలయన్‌తో పోలిస్తే ఎనిమిది కిలోలే తేడా. అయితే సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లే కాబట్టి ఐదడుగుల రెండంగుళాల నాకు రెండు పాదాలూ నిండుగా నేలకు ఆనుతాయి. అందువల్ల బరువు విషయంలో సగం భయం సీటు ఎత్తు నుంచి వచ్చిందేనని నా నమ్మకం. వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్ 167 కిలోలే అయినా సీటు 835 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది, నేను ఎక్కి చూస్తే మునివేళ్ళ మీద నిలబడాల్సి వచ్చింది.

రెండు బండ్లు ఉన్న ఇంట్లో ఒకటి ఎప్పుడూ నిలిచే ఉంటుంది. నిలిచిన బండికి బ్యాటరీ దిగిపోతుంది, మా గోదావరి గాలికి చైను తుప్పు పడుతుంది, ఇప్పుడు బంకుల్లో పోసే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి ట్యాంకులో ఉంచడం మంచిది కాదు. అన్నిటికన్నా ముఖ్యం, చెయ్యి అలవాటు తప్పుతుంది. మూడు నెలలకోసారి తీసిన బండి మీద ఘాట్ దిగడం కన్నా రోజూ నడిపే బండి మీద దిగడం ఎంతో క్షేమం, ఎందుకంటే బ్రేకు లీవరు ఎంత నొక్కితే ఎంత పడుతుందో వేళ్ళకు తెలిసి ఉంటుంది.

ఇంకో విషయం ఎవరూ అడగలేదు గానీ, వెనక కూర్చునేవాళ్ళ సంగతేమిటి? మా అమ్మ చీర కట్టుకుని ఒక పక్కకు తిరిగి కూర్చుంటారు. హిమాలయన్, వీ-స్ట్రామ్ లాంటి ఎత్తైన అడ్వెంచర్ బండ్ల వెనక సీటు ఎక్కడానికే ఆమెకు చేతకాదు. సామాను పెట్టెలు బిగించడానికి అడ్డమని, వెనక చక్రంలో బట్ట పడకుండా కాపాడే చీర గార్డును చాలామంది పీకేయిస్తున్నారు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 123వ నియమం దాన్ని ఊరికే పెట్టలేదు. కొంగు చక్రంలో చిక్కుకున్న ప్రమాదాన్ని నా కళ్ళతో చూశాను, అందుకే ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను.

బెజవాడ స్పానర్:

పదిహేనేళ్ళుగా విజయవాడలో బండ్లు బాగుచేస్తున్నాను. రోజూ వాడే బండికి గుర్రపుశక్తి కన్నా విడిభాగం దొరకడం ముఖ్యమని నా అభిప్రాయం. నా దగ్గరికి వచ్చిన ఒక 390 సీసీ తరగతి బండికి రేడియేటర్ ఫ్యాను కోసం ఐదు వారాలు ఎదురుచూడాల్సి వచ్చింది. ఆ యజమాని పాపం రోజూ ఆటోలో ఉద్యోగానికి వెళ్ళాడు. కొనేముందు క్లచ్ ప్లేట్లు, చైన్ సెట్టు, బ్రేక్ ప్యాడ్లు మీ ఊళ్ళో నిల్వ ఉన్నాయో లేదో విడిభాగాల కౌంటరులోనే అడగండి, అమ్మకాల కౌంటరులో అడిగితే అన్నీ ఉన్నాయనే అంటారు. ట్రాఫిక్‌లో సగం క్లచ్ మీద నడిపే అలవాటుంటే ప్లేట్లు త్వరగా పోతాయి. చైను ప్రతి 500 కిలోమీటర్లకూ తుడిచి లూబ్ కొట్టాలి, అంటే మియాపూర్ వాసి గారి తిరుగుడుకు దాదాపు మూడు వారాలకోసారి. ఆ పని చేయలేనివారు ఏ బండి కొన్నా నా దగ్గరికి తొందరగానే వస్తారు.

నల్లమల దారి:

చెయ్యి అలవాటు గురించి గోదారిగట్టు గారు చెప్పింది నిజం. నేను దాన్ని తక్కువగా లెక్కవేశాను. 2021 లాక్‌డౌన్ తర్వాత మొదటిసారి బండి తీసి మన్ననూరు దాటాక ఒక మలుపులో వెడల్పుగా వెళ్ళిపోయిన సంగతి మీ టపా చదివాక గుర్తొచ్చింది. అయినా రాజమండ్రిలో మీరు బండిని వాకిట్లోంచి నేరుగా వీధిలోకి తీస్తారు. మే నెల సాయంత్రం హైటెక్ సిటీ ఫ్లైఓవర్ కింద నలభై నిమిషాలు ఇంజను వేడిని మోకాళ్ళ మధ్య పెట్టుకుని నిలబడే పరిస్థితి మీకు లేదు. ఇంజనును ద్రవంతో చల్లబరిచే లిక్విడ్ కూల్డ్ బండి అయినా ఫ్యాను తిరిగినప్పుడు ఆ వేడిగాలి వచ్చేది కాళ్ళ మీదికే. కాబట్టి నా సలహాను ఇంతవరకు మార్చుకుంటాను: మియాపూర్ వాసి గారూ, రెండు బండ్లూ ఉంచుకోండి, కానీ పెద్దదాన్ని వారానికి రెండు రోజులైనా ఆఫీసుకు తీసుకెళ్ళండి.

మియాపూర్ వాసి:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి టేపు పట్టుకుని సెల్లార్‌లోకి దిగాను. నాకిచ్చిన చోట స్తంభానికీ గోడకూ మధ్య 38 అంగుళాలు ఉంది. షోరూమ్‌కు వెళ్ళి హిమాలయన్ 450 హ్యాండిల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి కొలిస్తే దాదాపు 34 అంగుళాలు వచ్చింది. అంటే బండి ఇముడుతుంది, కానీ దాన్ని పట్టుకుని పక్కన నడిచే మనిషి పట్టడు. వీ-స్ట్రామ్ వెడల్పు కూడా అంతకన్నా తక్కువేమీ కాదు, అయితే స్తంభం పక్కన ఇంజను ఆపి, సీటు మీద కూర్చుని ఉండగానే కాళ్ళతో వెనక్కి నెట్టగలిగాను. నా ఎత్తుకు పాదాలు ఆనాయి. వచ్చే శనివారం మా ఆవిడను తీసుకెళ్ళి వెనక సీటు ఎక్కించి చూస్తాను, చీర గార్డు ఉన్న బండినే అడుగుతాను. 125ను అమ్మకానికి పెట్టిన ప్రకటన తీసేశాను.