తాతగారి నవల అమెరికాలో అమ్ముతున్నారు. 1997 గడువు దాటితే హక్కు పోయినట్టేనా?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. మా తాతగారి నవల 1948లో రాజమండ్రిలో అచ్చయింది. ఆయన 1971లో పోయారు. ఆ నవలను స్కాన్ చేసి, కొత్త అట్ట వేసి, అమెరికాలో ఎవరో 2019 నుంచి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. న్యూజెర్సీలో ఉన్న మా తమ్ముడు చూసి చెప్పాడు. మెయిల్ పెడితే, "ఇక్కడ దీనికి రెన్యూవల్ (కాపీరైట్ పొడిగింపు) లేదు, ఎవరైనా వేసుకోవచ్చు" అని జవాబిచ్చారు. తాతగారి ప్రతి నా దగ్గరుంది. లోపలి పేజీలో 'సర్వస్వామ్య సంకలితము' (అంటే అన్ని హక్కులూ ప్రత్యేకించుకున్నవి), దాని కింద 'వెల రు. 2-8-0' అని ఉంటుంది. వాళ్ల స్కాన్‌లో వెల అలాగే ఉంది, పైమాట మాత్రం చెరిపేశారు. అది చూశాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నెట్‌లో వెతికితే 1997 డిసెంబరు 31 లోపల ఏదో నోటీసు వేసి ఉండాలంటున్నారు. మా ఇంట్లో అప్పట్లో ఎవరికీ ఆ సంగతే తెలియదు.

శ్రీను_డల్లాస్:
అక్కా, ఆ గడువు నిజమే. 1994 డిసెంబరులో అమెరికావాళ్లు చట్టం మార్చారు. అక్కడి లాంఛనాలు పాటించనందుకు కాపీరైట్ పోయిన విదేశీ రచనలకు 1996 జనవరి 1 నుంచి దాన్ని తిరిగి ఇచ్చారు. రెండేళ్లలోగా వాషింగ్టన్‌లో కాపీరైట్ ఆఫీసుకు నోటీసు పంపాలి. పంపలేదంటే కష్టమేమో.

పాతపుస్తకం:
శ్రీను గారూ, చాలామంది ఇక్కడే పొరబడతారు. నేను కూడా రెండేళ్లు అలాగే అనుకున్నాను. హక్కు తిరిగి రావడానికి ఏ కాగితమూ అక్కర్లేదు, దానంతటదే వచ్చింది. 1996 జనవరి 1 నాటికి మన దేశంలో ఆ రచన కాపీరైట్‌లో ఉండాలి, పుస్తకం మొదట ఇక్కడే వెలువడి ఉండాలి, 30 రోజుల్లోపు అమెరికాలో అచ్చయి ఉండకూడదు. మేడమ్, మీ తాతగారి నవలకు మన దగ్గర 2031 చివరిదాకా హక్కు ఉంది. అక్కడైతే అచ్చయినప్పటి నుంచి 95 ఏళ్లు, అంటే 2043 చివరిదాకా.

మరి ఆ నోటీసు ఎవరికోసం? చట్టం మారక ముందు నుంచే, పబ్లిక్ డొమైన్ (ఎవరి హక్కూ లేనిది) కదా అని నమ్మి అచ్చు వేసుకుంటున్నవాళ్ల కోసం. వాళ్లను రిలయన్స్ పార్టీ అంటారు. మీ అమ్మకందారు మొదలుపెట్టింది 2019లో. అతనికి ఆ రక్షణ లేదు, నోటీసు అందాక ఉన్న ప్రతులు అమ్ముకునే 12 నెలల వెసులుబాటూ లేదు. కాబట్టి ముందు చూడాల్సింది అవతలివాళ్లు ఎప్పుడు మొదలుపెట్టారన్నది.

కథలపెట్టె:
మా నాన్నగారు 1997లో ఆ నోటీసు వేశారు. 12 కథలు, అన్నీ ఒక్క రచయితవే, హక్కుదారూ ఒక్కరే కాబట్టి ఒకే కాగితంలో సరిపోయాయి. మొదటిదానికి 30 డాలర్లు, ఆపైన ఒక్కోదానికి డాలరు, మొత్తం 41. ఫారమంటూ ఏదీ లేదు, టైపు చేయించిన ఇంగ్లీషు కాగితమే. అలా వచ్చిన పేర్లను ఫెడరల్ రిజిస్టర్ అనే అమెరికా ప్రభుత్వ గెజిట్‌లో నాలుగు నెలలకోసారి అచ్చు వేసేవారు.

ఇంకో కథను మాత్రం ఆ జాబితాలో రాయడం మరిచిపోయారు. 1980ల్లో అక్కడ ఒక సంస్థ వేసిన సంకలనంలో అది ఉంది. గడువు దాటినా అలాంటివాళ్లకు నేరుగా నోటీసు ఎప్పుడైనా పంపవచ్చు. పంపాం. అయితే కథ పేరుకు ఇంగ్లీషు అనువాదం రాయలేదు, ఫోన్ నంబరు కూడా ఇవ్వలేదు. ఈ రెండూ తప్పనిసరి. అవతలివాళ్ల లాయరు అదే పట్టుకున్నారు. మళ్లీ పంపాల్సి వచ్చింది, లెక్క రెండో నోటీసు నుంచే మొదలైంది. ఆ తర్వాత ఉన్న ప్రతులు 12 నెలల్లో అమ్ముకోవచ్చు, కొత్తగా మాత్రం అచ్చు వేయకూడదు. నోటీసు మళ్లీ పంపేసరికి జరిగిన నాలుగు నెలల ఆలస్యం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

వికీ_మిత్ర:
పాత పుస్తకాలను ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టే వికీసోర్స్‌లో పని చేసేవాళ్లకు ఇది రోజూ ఎదురయ్యే చిక్కు. గిడుగు రామమూర్తి గారు 1940లో పోయారు. ఆయన బతికుండగా అచ్చయిన రచనలపై మన దేశంలో హక్కు 1990తోనే తీరిపోయింది కాబట్టి అమెరికాలో తిరిగి రాలేదు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు 1946లో పోయారు. 1992 సవరణతో 50 ఏళ్లు 60 అయ్యాయి, ఆయన రచనలు 1996లో ఇంకా హక్కులోనే ఉన్నాయి. మన దగ్గర 2007 నుంచి స్వేచ్ఛగా వాడుకోవచ్చు, కానీ అక్కడ ఒక్కో పుస్తకానికీ అచ్చయిన ఏడు చూసి 95 కలపాల్సిందే. ఇద్దరూ పోయింది ఆరేళ్ల తేడాతోనే, హక్కులో ఎంత తేడానో చూడండి.

గోదారిగట్టు:
పాతపుస్తకం గారూ, చాలా టెన్షన్ తగ్గింది. మరి అమెరికాలో కాపీరైట్ రిజిస్ట్రేషన్ చేయించాలా?

పాతపుస్తకం:
కోర్టుకెళ్లడానికి విదేశీ రచనకు అది తప్పనిసరి కాదు. చట్టం నిర్ణయించిన నష్టపరిహారం, లాయరు ఖర్చులు అడగాలంటే మాత్రం ఉల్లంఘన మొదలవక ముందే రిజిస్టర్ అయి ఉండాలి. ఇతని విషయంలో ఆ అవకాశం దాటిపోయింది, రేపు ఇంకొకరు వేస్తే పనికొస్తుంది. ఇలా హక్కు తిరిగి వచ్చిన రచనల రిజిస్ట్రేషన్ కోసం గ్యాట్ ఫారం అని విడిగా పెట్టారు. మొదటి ముద్రణ ప్రతి ఇవ్వడం మేలు, అది లేకపోతే పునర్ముద్రణ, అదీ లేకపోతే జిరాక్స్. మీ దగ్గరున్నది ఒక్కటే ప్రతి అయితే దయచేసి పంపకండి, జిరాక్స్ పంపండి.

ఇంకో ముఖ్యమైన మాట. అమెరికాలో తిరిగి వచ్చిన హక్కు మొదట ఎవరిదన్నది మన దేశపు చట్టాన్ని బట్టే తేలుతుంది. తాతగారు అప్పటి ప్రచురణకర్తకు హక్కులు రాసిచ్చారేమో పాత కాగితాలన్నీ వెతకండి. రిలయన్స్ పార్టీకి పంపే నోటీసులో తెలిసి అబద్ధం రాస్తే ఆ రచనపై మీ వాదన మొత్తం చెల్లకుండా పోతుంది.

గోదారిగట్టు:
వారం తర్వాత రాస్తున్నాను. అమ్మే వెబ్‌సైట్‌కు తమ్ముడు తొలగింపు నోటీసు పెట్టాడు. మూడో రోజుకి ఆ పేజీ తీసేశారు. ట్రంకు పెట్టెలో ప్రచురణకర్త ఉత్తరం దొరికింది. మొదటి ముద్రణ వెయ్యి ప్రతులకే అనుమతి, మిగతా హక్కులన్నీ తాతగారివే. తహసీల్దారు ఆఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు అర్జీ పెట్టాను. ఇంకా మా మేనత్త సంతకం కావాలి, ఆవిడకు 84 ఏళ్లు. ఆదివారం నర్సాపురం వెళ్తున్నాను, పుస్తకం కూడా తీసుకెళ్తున్నాను. అచ్చులో చూసి ఎన్నేళ్లయిందో అంటోంది.